డెంగీ తగ్గాక తిరగబెట్టిన జ్వరం: స్టెరాయిడ్ ఇవ్వొచ్చా, మూలుగ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు, 64 కిలోల బరువు. జ్వరం మొదలై ఇవాళ్టికి 11వ రోజు. మూడో రోజు డెంగీని పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఆరో రోజుకి జ్వరం తగ్గింది. 38 వేలకు పడిన ప్లేట్‌లెట్లు 62 వేలకు పెరిగాయి, రేపో మాపో ఇంటికి పంపిస్తామన్నారు. ఎనిమిదో రోజు మళ్లీ జ్వరం వచ్చింది, 103 దాటుతోంది. హిమోగ్లోబిన్ 14.1 నుంచి 8.9కి, ప్లేట్‌లెట్లు 41 వేలకు, తెల్లకణాలు 2,100కి దిగాయి. ఫెరిటిన్ 14,200, పరగడుపున ట్రైగ్లిజరైడ్లు 318, ఫైబ్రినోజన్ 138, కాలేయ పరీక్ష ఎస్‌జీఓటీ 412. స్కానింగ్‌లో ప్లీహం వాచిందన్నారు. ఇది హెచ్‌ఎల్‌హెచ్ అని, ముందు బోన్ మ్యారో పరీక్ష చేసి, ఆ వెంటనే డెక్సామెథసోన్ మొదలుపెడతామని డాక్టరు గారు అంటున్నారు. డెంగీలో స్టెరాయిడ్ ఇస్తే ప్రాణానికే ముప్పని మా బాబాయి పట్టుబడుతున్నారు. వెన్నులోంచి మూలుగ తీస్తే నడుము పడిపోతుందని అమ్మ ఏడుస్తోంది. సంతకం పెట్టాలా, వద్దా? తమ్ముడికి ఇద్దరు చిన్నపిల్లలు. ఈ జబ్బు వాళ్లకూ వస్తుందా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సంతకం పెట్టండి. మజ్జ (మూలుగ) పరీక్ష ఇవాళే అయిపోవాలి, మందు కూడా ఇవాళే మొదలవ్వాలి. మీరు రాసిన అంకెలు చూస్తే మీ డాక్టరు గారి అనుమానం బలంగానే ఉంది, ఆయన చెప్పిన వరస కూడా సరైనదే. మీ బాబాయి గారి మాటలోనూ నిజం ఉంది. అయితే అది ఆరో రోజు దాకా ఉన్న జబ్బుకు వర్తించే నిజం. ఎనిమిదో రోజు మొదలైంది వేరే జబ్బు.

మామూలు డెంగీలో జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అది తగ్గే సమయంలో ఒకటి రెండు రోజులు రక్తనాళాల నుంచి నీరు కారే ప్రమాద దశ. అది దాటితే కోలుకోవడమే. వైరస్ కూడా అప్పటికి రక్తంలోంచి దాదాపు పోతుంది. మరి ఎనిమిదో రోజున కొత్తగా 103 జ్వరం ఎందుకొచ్చింది? పెరుగుతున్న ప్లేట్‌లెట్లు వెనక్కి ఎందుకు తిరిగాయి? డెంగీతో దీనికి జవాబు దొరకదు. ఇంకో ఇన్ఫెక్షన్ అయినా తోడై ఉండాలి, లేదా వైరస్ మీదికి లేచిన రోగనిరోధక వ్యవస్థ పని అయిపోయాక కూడా ఆగకుండా ఒంటి మీదే పడి ఉండాలి. రెండూ కలిసి ఉండొచ్చు కూడా. ఆ రెండోదాని పేరే హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్, పొట్టిగా హెచ్‌ఎల్‌హెచ్. డెంగీ వచ్చినవాళ్లలో ఇది అరుదు. కానీ వచ్చినప్పుడు గుర్తించడం ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

జరిగేది ఇది. వైరస్ సోకిన కణాన్ని రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు, ఎన్‌కే కణాలు పట్టుకుని, పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో రంధ్రం చేసి, గ్రాంజైమ్ అనే ఎంజైమ్‌లను లోపలికి పంపి చంపుతాయి. ఆ కణం చచ్చిపోగానే యుద్ధ సంకేతాలు కూడా ఆగిపోవాలి. హెచ్‌ఎల్‌హెచ్‌లో ఈ చంపే పని పూర్తికాదు, సంకేతాలు ఆగవు. టీ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనాన్ని వదులుతూనే ఉంటాయి. దానికి రెచ్చిపోయిన మాక్రోఫేజ్ కణాలు (క్రిములను, చచ్చిన కణాలను మింగే రక్షణ కణాలు) మంట పుట్టించే రసాయనాలను కుమ్మరిస్తాయి, మజ్జలోనూ ప్లీహంలోనూ ఉన్న మంచి రక్తకణాలను మింగడం మొదలుపెడతాయి.

మీ దగ్గరున్న రిపోర్టుల్లో ప్రతి అంకె వెనకా ఈ మాక్రోఫేజ్‌లే ఉన్నాయి. ఇనుమును దాచుకునే ప్రొటీన్ ఫెరిటిన్‌ను వదిలేది అవే. కొవ్వును కరిగించే లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైమ్‌ను అవి వదిలిన రసాయనాలు అణిచేస్తాయి కాబట్టి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ప్లాస్మినోజన్ యాక్టివేటర్‌ను కూడా అవే విడుదల చేస్తాయి, దాంతో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజన్ కరిగిపోతుంది. ఈ ఫైబ్రినోజన్ అంకెను ప్రత్యేకంగా చూడండి. ఇంత జ్వరంతో ఉన్న మనిషిలో అది మామూలుగా 400 దాటి ఉండాలి. 138 అంటే కాస్త తగ్గడం కాదు, ఉండాల్సిన దానిలో మూడో వంతు. అందుకే ఈ జబ్బులో ఒంట్లో మంటను చూపే రెండు పరీక్షల్లో సీఆర్‌పీ ఎక్కువగా ఉండి, ఫైబ్రినోజన్ మీద ఆధారపడే ఈఎస్‌ఆర్ మాత్రం అనుకోకుండా పడిపోతుంది. ఈఎస్‌ఆర్ తగ్గిందని ఎవరైనా సంతోషపడితే నమ్మకండి.

వైద్యులు 2004 నాటి ప్రమాణాలతో లెక్క చూస్తారు. ఎనిమిదింటిలో ఐదు ఉంటే హెచ్‌ఎల్‌హెచ్ కింద తీసుకుంటారు. 38.5 సెల్సియస్‌కు (101.3 ఫారెన్‌హీట్‌కు) పైగా జ్వరం, పెరిగిన ప్లీహం, కనీసం రెండు రకాల రక్తకణాలు పడిపోవడం (హిమోగ్లోబిన్ 9 లోపు, ప్లేట్‌లెట్లు లక్ష లోపు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వెయ్యి లోపు), ట్రైగ్లిజరైడ్లు 265 లేదా ఆ పైన, లేకుంటే ఫైబ్రినోజన్ 150 లేదా అంతకు తక్కువ, ఫెరిటిన్ 500 లేదా ఆ పైన. ఈ ఐదూ మీ తమ్ముడికి ఉన్నాయి. మిగతా మూడు మజ్జలో కణాలను మింగుతున్న మాక్రోఫేజ్‌లు కనపడటం, ఎన్‌కే కణాల పనితీరు పడిపోవడం, టీ కణాలు రెచ్చిపోయాయని చూపే ‘కరిగే సీడీ25’ అనే ప్రొటీన్ రక్తంలో పెరగడం. చివరి రెండు పరీక్షలూ కొద్ది ల్యాబుల్లోనే చేస్తారు, ఫలితానికి రోజులు పడుతుంది. వాటి కోసం మందు ఆపకూడదు.

పెద్దవాళ్ల కోసం 2014లో వచ్చిన హెచ్-స్కోర్ అనే లెక్క ఇంకొకటి ఉంది. దాని ప్రకారం మీ తమ్ముడికి జ్వరానికి 49, ప్లీహానికి 23, మూడు రకాల కణాలూ పడినందుకు 34, ఫెరిటిన్‌కు 50, ట్రైగ్లిజరైడ్లకు 44, ఫైబ్రినోజన్‌కు 30, ఎస్‌జీఓటీకి 19. మొత్తం 249. 169 దాటితేనే హెచ్‌ఎల్‌హెచ్ అని గట్టిగా అనుకుంటారు. అయితే ఈ స్కోరు డెంగీ రోగుల కోసం తయారుచేసింది కాదు. కణాలు పడటం, ఫెరిటిన్, ఎస్‌జీఓటీ పెరగడం మామూలు డెంగీలోనూ ఉంటాయి. తీవ్రమైన డెంగీలో ఫెరిటిన్ వేలల్లోకి పోవడం వింత కాదు. అంటే ఆ 249లో 103 పాయింట్లు డెంగీ ఒక్కటే తెచ్చిపెట్టగలదు. కాబట్టి ఒక్క రోజు అంకె చూసి నిర్ణయించకూడదు, రోజువారీ నడక చూడాలి. తగ్గిన జ్వరం తిరిగి రావడం, పెరిగిన ప్లేట్‌లెట్లు మళ్లీ పడటం, ఫైబ్రినోజన్ కరిగిపోవడం. మీ తమ్ముడి విషయంలో డాక్టరు గారు పట్టుకున్నది ఈ నడకనే.

హిమోగ్లోబిన్ గురించి ఒక మాట. ప్రమాద దశలో రక్తం చిక్కబడి ఉంటుంది, సెలైన్ ఎక్కాక పలచబడుతుంది. కాబట్టి 14.1 నుంచి కొంత దిగడం సహజమే. 8.9 దాకా దిగడం సహజం కాదు. మలం నల్లగా తారులా వస్తోందా, పొట్ట ఉబ్బిందా అని డాక్టరు గారు అడిగే ఉంటారు. మీరు గమనించింది ఏదైనా ఉంటే దాచకుండా చెప్పండి.

ఇక మజ్జ పరీక్ష. ఐదు లక్షణాలు ఇప్పటికే ఉన్నాయి కదా, మళ్లీ ఇదెందుకని మీకు అనిపించవచ్చు. మజ్జలో కణాలను మింగే మాక్రోఫేజ్‌లు కనపడకపోయినా ఈ జబ్బు లేదని చెప్పలేం, కనపడినంత మాత్రాన ఉందనీ ఖాయం కాదు. అసలు వెతికేది దీని వెనక ఇంకేమైనా దాక్కుందా అని. పెద్దవాళ్లలో హెచ్‌ఎల్‌హెచ్‌ను రేపే కారణాల్లో లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) ముఖ్యమైనది. ఒళ్లంతా పాకిన టీబీ, ఇసుక ఈగల వల్ల వచ్చే కాలా అజార్, ఎప్‌స్టీన్ బార్ వైరస్ కూడా రేపగలవు. డెంగీ పాజిటివ్ వచ్చింది కాబట్టి కారణం దొరికేసిందని అక్కడితో ఆగిపోవడం ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాటు. స్టెరాయిడ్ లింఫోమా కణాలను కొన్ని రోజుల్లోనే కరిగించేస్తుంది. ఆ తర్వాత మజ్జ తీస్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది, నెల రెండు నెలలకు లింఫోమా తిరిగి లేస్తుంది. అందుకే ముందు సూది, తర్వాత స్టెరాయిడ్. తేడా కొద్ది గంటలే ఉండాలి. మనిషి వేగంగా దిగజారుతుంటే మాత్రం వరస కోసం ఆగరు, మందు ముందే ఇచ్చేస్తారు.

అమ్మగారికి ఇలా చెప్పండి. సూది వెన్నులోకి వెళ్లదు. నడుము కింద, పిరుదు పైభాగంలో చేతికి గట్టిగా తగిలే తుంటి ఎముక అంచులోకి వెళ్తుంది. అక్కడ వెన్నుపాము ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, లిగ్నోకైన్‌తో మొద్దుబార్చి, కొన్ని మిల్లీలీటర్ల మజ్జను, సన్నని ఎముక ముక్కను తీస్తారు. అంతా కలిపి అరగంట పని. మజ్జను పీల్చే ఆ కొన్ని క్షణాలు మాత్రం లోపల లాగినట్టు నొప్పి వస్తుంది, ఆ సంగతి తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి. తీసినంత మజ్జను శరీరం మళ్లీ తయారుచేసుకుంటుంది. ప్లేట్‌లెట్లు 41 వేలున్నా చేయొచ్చు. తీసిన చోట కనీసం పది పదిహేను నిమిషాలు గట్టిగా అదిమి, ఆ చోటు మీద ఒత్తిడి పడేలా వెల్లకిలా పడుకోబెడతారు. ఫైబ్రినోజన్ తక్కువగా ఉంది కాబట్టి కట్టు తడుస్తోందేమో ఆ రాత్రి రెండు మూడుసార్లు చూడండి. మజ్జను మామూలు స్లైడ్లతో పాటు టీబీ కల్చర్‌కూ, టీబీ పీసీఆర్‌కూ పంపమని అడగండి. రెండోసారి పొడిపించుకునే అవసరం తప్పుతుంది.

స్టెరాయిడ్ పడకముందే పంపాల్సిన రక్త పరీక్షలు ఇంకా ఉన్నాయి. రెండు సెట్ల బ్లడ్ కల్చర్, మలేరియా స్మియర్, స్క్రబ్ టైఫస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఎప్‌స్టీన్ బార్ వైరస్ పీసీఆర్. టైఫాయిడ్‌కు కల్చర్ చాలు, విడాల్ అనే రక్త పరీక్ష మీద ఆధారపడొద్దు. హెపటైటిస్ బీ పరీక్ష మరవకూడదు, ఎందుకంటే లోపల నిద్రపోతున్న ఆ వైరస్‌ను స్టెరాయిడ్ లేపగలదు. ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే మెడ నుంచి పొత్తికడుపు దాకా సీటీ స్కాన్ కూడా.

స్క్రబ్ టైఫస్‌ను విడిగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ డెంగీ కనిపించే వానల కాలంలోనే ఇదీ వస్తుంది, ఇది కూడా హెచ్‌ఎల్‌హెచ్‌ను రేపుతుంది. మైట్ జాతి చిన్న పురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, మొలతాడు కట్టే చోటు, చెవుల వెనక, తొడల లోపలి వైపు వెలుతురులో బట్టలు తీసి చూడాలి. పక్కు కనపడకపోయినా చాలామంది వైద్యులు రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టేస్తారు. అది మంచి నిర్ణయమే. చవకైన మందు, కారణం అదే అయితే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఇది ఇచ్చారో లేదో ఒకసారి అడగండి.

మీ బాబాయి గారి అభ్యంతరానికి వద్దాం. ప్లేట్‌లెట్లు పెంచడానికో, నీరు కారడం ఆపడానికో మామూలు డెంగీలో స్టెరాయిడ్ ఇస్తే లాభం ఉన్నట్టు పరీక్షల్లో తేలలేదు. రక్తస్రావం, షుగరు, కొత్త ఇన్ఫెక్షన్ల భయం మాత్రం ఉంటుంది. మూడో రోజున ఎవరైనా డెక్సా ఇంజెక్షన్ ఇవ్వబోతే ఆయన అడ్డుపడటం న్యాయమే. ఇప్పుడు మందు వేసేది డెంగీ మీద కాదు. ఆగకుండా పనిచేస్తున్న టీ కణాలనూ, మాక్రోఫేజ్‌లనూ అణచడానికి. వాటిని ఇలాగే వదిలేస్తే కాలేయం, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతింటాయి.

డెక్సామెథసోన్ మోతాదు శరీర ఉపరితలం లెక్కన ఇస్తారు. చదరపు మీటరుకు రోజుకు 10 మిల్లీగ్రాములు. మీ తమ్ముడి బరువుకు మామూలు పొడుగు అనుకుంటే ఉపరితలం 1.7 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే రోజుకు సుమారు 17 మిల్లీగ్రాములు. పెద్ద మోతాదే, కంగారు పడొద్దు. పూర్తి పద్ధతిలో రెండు వారాల తర్వాత సగం, మరో రెండు వారాలకు అందులో సగం, అలా ఎనిమిది వారాలు దింపుతారు. డెంగీ వల్ల వచ్చినవాళ్లలో చాలామందికి అంత కాలం అవసరం పడదు, ఫెరిటిన్ దిగే తీరును బట్టి త్వరగా తగ్గిస్తారు. ఆ నిర్ణయం డాక్టరు గారిది. చటుక్కున ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

జ్వరం ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగాలి. కానీ దిగినంత మాత్రాన గెలిచినట్టు కాదు, స్టెరాయిడ్ ఏ జ్వరాన్నైనా కప్పేస్తుంది. తెల్లకణాలు పెరగడం కూడా నమ్మకమైన గుర్తు కాదు, వాటిని ఆ మందే పెంచుతుంది. ఫెరిటిన్ దిగుతోందా, ఫైబ్రినోజన్, ప్లేట్‌లెట్లు పెరుగుతున్నాయా అన్నవి చూడాలి. ఫెరిటిన్ రిపోర్టులో 2000కు పైన అని మాత్రమే అచ్చయి వస్తే, రక్త నమూనాను పలచబరిచి అసలు అంకె ఇవ్వమని ల్యాబును అడగండి. లేకపోతే 14 వేల నుంచి 5 వేలకు దిగినా కాగితం మీద తేడా కనపడదు. అలాగే ఫైబ్రినోజన్‌ను కొన్ని ల్యాబులు లీటరుకు గ్రాముల్లో ఇస్తాయి. 1.38 అన్నా 138 అన్నా ఒకటే.

రెండు మూడు రోజులకూ అంకెలు మళ్లకపోతే తర్వాతి మెట్టు గురించి మాట్లాడతారు. ఇమ్యునోగ్లోబులిన్ (రక్తదాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) అయితే మొత్తం కిలోకు 2 గ్రాములు, మీ తమ్ముడికి 128 గ్రాములు, రెండు నుంచి ఐదు రోజుల్లో ఎక్కిస్తారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. దీనికి రుజువు స్టెరాయిడ్‌కు ఉన్నంత గట్టిగా లేదు కాబట్టి, స్టెరాయిడ్‌కు లొంగుతున్న మనిషికి దీని కోసం అప్పు చేయాల్సిన పని లేదు. పరిస్థితి విషమిస్తే ఎటోపోసైడ్ అంటారు. అది కేన్సర్ మందు అని బెదిరిపోవద్దు. ఇక్కడ దాన్ని తక్కువ మోతాదులో వాడేది రెచ్చిపోయిన టీ కణాలను చంపడానికి. రుక్సోలిటినిబ్ మాత్రలు కూడా కొన్నిచోట్ల ఇస్తున్నారు. వీటిలో ఏది కావాల్సి వచ్చినా రక్తవ్యాధుల నిపుణులు, ఐసీయూ, రాత్రిపూట కూడా తెరిచి ఉండే బ్లడ్ బ్యాంకు ఉన్న ఆసుపత్రిలోనే ఉండాలి. మీరున్నచోట ఫైబ్రినోజన్ ఫలితం ఆ రోజుకారోజు రాకపోతే, మనిషి నిలకడగా ఉన్న ఇప్పుడే మార్చడం మేలు. మారేటప్పుడు రోజువారీ అంకెల చార్టు, ఎప్పుడు ఏ మందు పడిందో రాసిన కాగితం, మజ్జ రిపోర్టుతో పాటు స్లైడ్లు, బయాప్సీ బ్లాక్ కూడా అడిగి తీసుకెళ్లండి. అక్కడి పాథాలజిస్టు చూడాల్సింది స్లైడ్లనే.

వెంటనే నర్సును పిలవాల్సినవి: మాట తడబడటం, మత్తు, ఫిట్స్ (మెదడుకు పాకితే చికిత్స మారిపోతుంది), నల్లటి విరేచనం, ఆయాసం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం. ప్లేట్‌లెట్లు పడ్డాయని మీరే ప్యాకెట్ల కోసం పరుగెత్తకండి. రక్తస్రావం లేని మనిషికి 41 వేల దగ్గర ఎక్కించే అవసరం లేదు, ఎక్కించినవాటినీ ఆ మాక్రోఫేజ్‌లు మింగేస్తాయి. రక్తం కారుతుంటే ప్లేట్‌లెట్లతో పాటు ప్లాస్మా నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ కూడా కావాలి, ఫైబ్రినోజన్ చిక్కగా దొరికేది అందులోనే. కండలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. అది కూడా కాలేయం ఈ స్థితిలో ఉన్నప్పుడు రోజుకు 2 గ్రాములు దాటకుండా, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. బొప్పాయి ఆకు రసం ఈ జబ్బును ఏమీ చేయలేదు. దయచేసి ఆపేయండి.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్ ఉన్నన్నాళ్లూ మాత్ర ఉదయం టిఫిన్ తర్వాత వేసుకోవాలి. షుగరును పరగడుపునే కాదు, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు తప్పక చూడాలి, ఈ మందుతో పెరిగేది ఎక్కువగా ఆ పూటే. 100.4 జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రోజే చూపించాలి. రక్తకణాలు, ఫెరిటిన్, కాలేయ పరీక్షలు మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి, మందు ఆపాక నెలకు మరోసారి. మోతాదు సగం చేసిన వారమే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆ వారం పరీక్ష ఎగ్గొట్టొద్దు.

పిల్లల సంగతి. ఇది అంటుకోదు. పుట్టుకతో వచ్చే రకం ఒకటుంది కానీ అది ఎక్కువగా పసితనంలోనే, మొదటి ఒకటి రెండేళ్లలో బయటపడుతుంది. 31 ఏళ్ల వయసులో డెంగీ తర్వాత మొదటిసారి వచ్చినవాళ్లకు జన్యు పరీక్ష మామూలుగా అవసరం ఉండదు, పిల్లలకు ఏ పరీక్షా అక్కర్లేదు. కాకపోతే ఆ రకం ఎక్కువగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు కలిస్తే వస్తుంది. మీ అమ్మానాన్నలది గానీ, తమ్ముడిది గానీ మేనరికమైతే, మీ ఇంట్లో ఎవరైనా పసిబిడ్డ తగ్గని జ్వరంతో, పొట్ట ఉబ్బి చనిపోయి ఉంటే, ఆ మాట ఇవాళే డాక్టరు గారితో చెప్పండి. అప్పుడు పెర్ఫోరిన్ వంటి జన్యువులను చూసే రక్త పరీక్ష తమ్ముడికి చేయిస్తారు. మందు ఆపాక జబ్బు రెండోసారి తిరగబెట్టినా అదే పరీక్ష అడగాలి.